గుమ్మడికాయకు కళ్లు పెట్టేదెవరు?

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత వినని తెలుగువాళ్లు ఉండరు. ఆ దొంగ భుజాలే ఎందుకు తడుముకున్నాడని పట్నంలో పెరిగిన పదేళ్ల పిల్లవాణ్ని అడిగితే మాత్రం తెల్లముఖం వేస్తాడు. వాడు ఎన్నడూ బూడిద గుమ్మడికాయను భుజాన మోసి ఉండడు మరి. ముదిరిన బూడిద గుమ్మడి తొక్క మీద తెల్లటి పొడి పేరుకుని ఉంటుంది. పొయ్యిలో బూడిద చల్లినట్టే కనిపిస్తుంది కానీ అది బూడిద కాదు, కాయ తన ఒంటికి తానే పూసుకున్న మైనం. భుజాన పెట్టుకుని నాలుగడుగులు వేస్తే చాలు, అంగీ తెల్లబడుతుంది. దొంగ దులుపుకోబోయింది దాన్నే.

చేత్తో ముట్టుకుంటే తప్ప అర్థం కాని సామెత అది.

దొంకేశ్వర్ పిల్లలకు ఈ సామెతను విడమర్చి చెప్పే పని లేదు. నిజామాబాద్ జిల్లాలో, శ్రీరాంసాగర్ వెనక జలాలకు దగ్గర్లో ఉన్న ఊరది. ఒకప్పుడు నందిపేట్ మండలంలో ఒక గ్రామం, ఇప్పుడు తానే మండల కేంద్రం. ఆర్మూర్ చుట్టూ ఉన్న ఊళ్లన్నిటిలాగే ఇక్కడా పసుపే పెద్ద పంట. తొలకరి పడగానే పసుపు నాటుతారు, సంక్రాంతి దాటాక తవ్వుతారు, ఉడకబెట్టి ఎండబెట్టి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలుతారు. పసుపుకు ధర ఉంది, మార్కెట్ ఉంది, 2025లో నిజామాబాద్‌లో ఆఫీసు తెరిచిన జాతీయ పసుపు బోర్డు ఉంది. గుమ్మడికి ఇవేవీ లేవు. పెంటకుప్ప పక్కన నాలుగు గింజలు గుచ్చితే అదే మొలుస్తుంది, ఎనుగు మీదికి పాకుతుంది, అక్కడినుంచి పశువుల కొట్టం రేకుల మీదికి ఎక్కుతుంది. ఎకరాల లెక్కలోకి రాని పంట అది. అందుకే దాని జోలికి పెద్దలు పెద్దగా పోరు, పిల్లలు పోతారు. ఏ తీగకు ఎన్ని కాయలున్నాయో, ఏది ఆకుల కింద దాక్కుందో ఇంట్లో అందరికన్నా ముందు తెలిసేది వాళ్లకే.

ఆర్మూర్ ప్రాంతం నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు, అమెరికాకు వెళ్లినవాళ్లు లేని ఊరు అరుదు. అక్టోబరు నెలాఖరున ఆ అమెరికా ఇళ్లనుంచి వచ్చే వీడియో కాల్స్‌లో ఒక దృశ్యం తప్పకుండా కనిపిస్తుంది. వంటింటి బల్ల మీద పాత పేపర్లు, వాటి మీద నారింజ రంగు గుమ్మడికాయ, దాని ముందు మోచేతుల దాకా గుజ్జు పూసుకున్న మనవడు. కాయకు మూడు మూలల కళ్లు, మూడు మూలల ముక్కు, రంపపు పళ్ల నోరు. ఇవతల ఫోను పట్టుకున్న నానమ్మకు ఇది ఎప్పటికీ మింగుడుపడదు.

"గంత మంచి కాయను గట్లెందుకు పాడుచేస్తున్నవ్ బిడ్డా? పులుసు పెట్టుకుంటే ఇంటిల్లిపాదికి పూట గడుస్తుండె గదా!"

"ఇది తినే కాయ కాదు నానమ్మా, బొమ్మ కాయ."

ఇలాంటి మాటల్లో ఇద్దరిదీ నిజమే. అమెరికాలో చెక్కడానికి అమ్మే గుమ్మడి వేరు, వండడానికి వాడే గుమ్మడి వేరు. మసాచుసెట్స్ రాష్ట్రంలో జాన్ హౌడెన్ అనే రైతు ఏళ్ల తరబడి ఎంపిక చేసి తయారుచేసిన రకం హౌడెన్ గుమ్మడి. కాయ గుండ్రంగా, నిటారుగా కూర్చుంటుంది, తొడిమ పట్టుకోవడానికి వీలుగా బలంగా ఉంటుంది, కండ పలుచన, లోపల గుల్ల. చెక్కడానికి ఇంతకన్నా అనువైనది లేదు. వండితే నీళ్లు, పీచు. మన పెరటి గుమ్మడి దీనికి పూర్తిగా తిరగేసిన రకం. గట్టి తొక్క, మందమైన కండ, నడుమ చిన్న డొల్ల. పులుసుకు ప్రాణం, చాకుకు పరీక్ష. మనవడు పాడుచేస్తున్నది నానమ్మ అనుకుంటున్న కాయను కాదు.

ఈ ఆట మొదలైంది గుమ్మడికాయతో కానే కాదు, దుంపతో. ఐర్లండ్‌లో, స్కాట్లండ్‌లో కోతలు ముగిసి చలికాలం మొదలయ్యే రాత్రి ప్రేతాలు తిరుగుతాయని నమ్మేవారు. అక్టోబరు 31 రాత్రి టర్నిప్ దుంపను తొలిచి, దానికి ముఖం చెక్కి, లోపల వెలుగుతున్న బొగ్గో కొవ్వొత్తో పెట్టి కిటికీలో ఉంచేవారు. ఐర్లండ్ జాతీయ మ్యూజియానికి కాస్ల్‌బార్ దగ్గర గ్రామీణ జీవితం కోసమే ప్రత్యేకంగా ఒక శాఖ ఉంది. డొనెగల్ ప్రాంతంలోని ఫిన్‌టౌన్ నుంచి వచ్చిన అలాంటి దుంప ముఖానికి ప్లాస్టర్ అచ్చు అక్కడ ఉంది. నవ్వు ముఖం కాదది. లోపలికి పోయిన కళ్లు, కోసుగా ఉన్న పళ్లు, ఎండి ముడుచుకుపోయిన పుర్రెలాంటి రూపం. రాత్రిపూట చూస్తే పెద్దవాళ్లయినా ఒకడుగు వెనక్కి వేస్తారు.

1845లో ఐర్లండ్‌లో ఆలుగడ్డ పంటకు తెగులు సోకింది. ఆ కరువులో దాదాపు 10 లక్షల మంది చనిపోయారు, అంతకు తక్కువ కాకుండా దేశం వదిలారు. అమెరికా చేరినవాళ్లకు అక్కడ గుమ్మడికాయ కనిపించింది. దుంపకన్నా పెద్దది, తొలవడం తేలిక. ఆ దయ్యాల పండుగ దుంపను వదిలి కాయను పట్టుకుంది. అయితే వాళ్లు రాకముందే అక్కడి పల్లె పిల్లలకు గుమ్మడికాయతో ఆటలు తెలుసు. జాన్ గ్రీన్‌లీఫ్ విటియర్ అనే కవి గుమ్మడికాయ మీద రాసిన ఒక పద్యం 1850లో అచ్చయింది. చిన్నప్పుడు తొక్క మీద వికారపు ముఖాలు చెక్కి లోపల కొవ్వొత్తి వెలిగించిన సంగతి అందులో తలచుకుంటాడు. అందులో దయ్యాల పండుగ లేదు. ఉన్నవి కోతల కాలం, పల్లె, చేతిలో కత్తి ఉన్న పిల్లలు.

గుమ్మడి కూడా అమెరికా ఖండానిదే. మెక్సికోలోని వహాకా లోయలో గీలా నకీట్జ్ అనే గుహలో దొరికిన గుమ్మడి జాతి గింజలు దాదాపు 10,000 ఏళ్లనాటివి, మనుషులు సాగుచేసినవి. మక్కజొన్న, చిక్కుడుకన్నా ముందే అక్కడివాళ్లు దాన్ని ఇంటి పంట చేసుకున్నారు. కొలంబస్ ప్రయాణాల తర్వాతే ఆ తియ్య గుమ్మడి సముద్రాలు దాటి మన ఎనుగుల మీదికి వచ్చింది. బూడిద గుమ్మడి అలా కాదు, అది ఆసియాదే. సంస్కృతంలో కూష్మాండం అంటే అదే. నవదుర్గల్లో నాలుగో రూపానికి కూష్మాండ అనే పేరు. ఒకే ఇంటిపేరు పెట్టుకున్న ఈ రెండు కాయల్లో ఒకటి పాతకాపు, రెండోది వలసవచ్చి స్థిరపడింది. ఇవాళ చైనా తర్వాత గుమ్మడి జాతి కాయలు ఎక్కువ పండించేది మన దేశమే.

కాయకు ముఖం పెట్టడం మాత్రం మనకు కొత్త కాదు. కడుతున్న ఇల్లు చూడండి, కొత్తగా తెరిచిన దుకాణం చూడండి. గడప పైన, తాళ్ల ఉట్టిలో బూడిద గుమ్మడికాయ వేలాడుతూ ఉంటుంది. కొన్నిటికి పసుపు కుంకుమ బొట్లు మాత్రమే ఉంటాయి. కొన్నిటికి రంగులతో ముఖమే ఉంటుంది, గుడ్లురిమే కళ్లు, మెలితిరిగిన మీసాలు, బయటికొచ్చిన కోరలు, ఎర్రటి నాలుక. ఐర్లండ్ కిటికీలోని దుంపకు అప్పగించిన పనే మన గడప మీది కాయకూ అప్పగించారు. చెడు వచ్చేసరికి ముందు దీన్ని చూడాలి, చూసి జడవాలి. ఒకరినొకరు చూడని రెండు సీమలు ఒకే ఉపాయం పన్నాయి. తేడా ఒక్కటే. వాళ్లు ముఖాన్ని చెక్కారు, మనం పూశాం. చెక్కిన కాయ వారం తిరక్కుండా కుళ్లుతుంది. పూసిన కాయ నెలల తరబడి వేలాడుతుంది, ఎందుకంటే దాని మైనపు చొక్కాకు ఎక్కడా చిరుగు పడలేదు.

మన దగ్గర గుమ్మడికాయకు పగిలే యోగం కూడా ఉంది. సినిమా కొబ్బరికాయతో మొదలై గుమ్మడికాయతో ముగుస్తుంది. షూటింగ్ అయిపోయిందని చెప్పడానికి "గుమ్మడికాయ కొట్టేశారు" అంటే చాలు, పత్రికల్లో అదే శీర్షిక. దసరాకు ఆయుధపూజలో బూడిద గుమ్మడికాయకు చిల్లు పెట్టి, కుంకుమ నింపి, దిష్టి తీసి రోడ్డు మీద పగలగొడతారు. ఆ ముక్కల మీద బండ్లు జారి పడతాయని, రోడ్ల మీద కొట్టవద్దని నగరాల్లో పోలీసులు పండుగ పూట చెబుతూనే ఉంటారు.

ఇన్ని చోట్ల ఉన్న గుమ్మడికాయలో పిల్లల వంతు ఎంత అని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కళ్లు, కోరలు దిద్దేది రంగులు వేసేవాళ్లు. ఉట్టి కట్టేది మేస్త్రి. దిష్టి తీసేది పెద్దవాళ్లు. పిల్లలకు మిగిలేది దూరంగా నిలబడి, పగిలినప్పుడు చెవులు మూసుకోవడం. అమెరికాలో అదే కాయ పూర్తిగా పిల్లల సొత్తు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని కీన్ అనే చిన్న పట్నం 2013లో 30,581 చెక్కిన గుమ్మడికాయలను ఒకేసారి వెలిగించి గిన్నిస్ రికార్డు సాధించింది. బడి పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు కూర్చుని చెక్కకపోతే అంత లెక్క తేలదు. అంగారక గ్రహం మీదికి రోవర్లు పంపిన నాసా జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో కూడా ఇంజనీర్లకు ఏటా గుమ్మడికాయలు చెక్కే పోటీ ఉంటుంది. మోటార్లు, లైట్లు బిగించి కాయలను ఆడిస్తారు. చిన్నప్పుడు వంటింటి బల్ల మీద మొదలైన అలవాటు కొందరిని అంత దూరం వదలదు.

అలాగని దొంకేశ్వర్ పిల్లల చేతులు ఖాళీగా లేవు. జొన్నకర్ర బెండుతో ఎడ్లబండి చేస్తారు, కళ్లజోడు చేస్తారు. ముంజలు తిన్న తాటికాయలకు కర్ర గుచ్చి బండి తోలుతారు. ఇక్కడి చేలల్లో ఎర్రజొన్న కూడా పండుతుంది కాబట్టి బెండుకు కరువు లేదు. బొడ్డెమ్మ వేసేది ఆడపిల్లలే. మట్టితో మెట్లు మెట్లుగా గద్దె పెట్టి, పూలు గుచ్చి, దాని చుట్టూ ఆడతారు. ఆ వెంటనే పెత్రమాసతో బతుకమ్మ మొదలవుతుంది, ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు.

బతుకమ్మలో గుమ్మడి చోటు చిన్నదేమీ కాదు. చాలా ఇళ్లలో తాంబాలం మీద ముందు పరిచేది గుమ్మడి ఆకులే. వాటి మీద తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు వరుసలు వరుసలుగా పైకి లేస్తాయి. శిఖరాన నిలిచేది గుమ్మడి పువ్వు. ఆ పువ్వులో కూర్చునేది పసుపు ముద్దతో చేసిన గౌరమ్మ. పసుపు పండించే ఊళ్లో పసుపు గౌరమ్మకు గుమ్మడి పువ్వు సింహాసనం. అమ్మ ముద్ద కలిపి ఇస్తే గౌరమ్మను వేళ్లతో ఒత్తి నిలబెట్టేది చాలాసార్లు ఇంట్లో చిన్నపిల్లే.

ఆ పువ్వు కోయడంలో ఒక తెలివి ఉంది. గుమ్మడి తీగకు మగ పూలు వేరు, ఆడ పూలు వేరు. మగ పువ్వుకు పొడుగైన సన్నటి కాడ, అడుగున ఏమీ ఉండదు. ఆడ పువ్వు కింద గోలీ అంత పిందె అప్పటికే ఉంటుంది. తీగ ముందు మగ పూలు పూస్తుంది, సంఖ్యలోనూ అవే ఎక్కువ. బతుకమ్మకు మగ పూలు కోస్తే కాయకు నష్టం లేదు, తేనెటీగల కోసం నాలుగైదు వదిలితే చాలు. పొద్దున్నే విచ్చుకుని ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతాయి కాబట్టి కోసేవాళ్లు మబ్బుల్లోనే లేవాలి. ఆడ పువ్వు తెంపిన పిల్లకు ఆ పూట ఇంట్లో అక్షింతలే. వృక్షశాస్త్రంలో ఇంత గట్టిగా గుర్తుండే పాఠం బడిలో దొరకదు.

ఇక మన పిల్లలూ కాయ చెక్కాలంటే, ముందు చాకు సంగతి. పిల్లలకు కత్తి ఇవ్వాలంటే ఏ తల్లికైనా గుండె గుభేల్మంటుంది, అది సహజం. అమెరికాలో చేతి శస్త్రచికిత్స వైద్యుల సంఘం ఏటా అక్టోబరులో జాగ్రత్తలు చెబుతుంది. గుమ్మడికాయ చెక్కుతూ వేళ్లు తెగి, నరాలు దెబ్బతిని ఆస్పత్రికి వచ్చేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. కారణం సూటిగానే ఉంది. తొక్క గట్టిది, తడి చేయి జారుతుంది, కత్తి ఇరుక్కుంటుంది, బలంగా లాగితే ఒక్కసారిగా ఊడివచ్చి అవతలి చేతిలో దిగుతుంది. అక్కడి పిల్లల వైద్యుల సంఘం మాట కూడా స్పష్టం. చిన్నపిల్లలు బొమ్మ గీయాలి, కోత పెద్దవాళ్లు కోయాలి.

మన కాయ వాళ్ల కాయకన్నా గట్టిది కాబట్టి ఈ మాట మనకు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. మూత కోసేది ఇంటి పెద్దే కావాలి. తొడిమ చుట్టూ కోసేటప్పుడు చాకును నిలువుగా దించకుండా లోపలివైపు వాలుగా పట్టాలి. అలా కోసిన మూత తిరిగి పెడితే ఆగుతుంది, నిలువుగా కోసింది లోపలికి జారిపోతుంది. ఆ తర్వాత కాయ పిల్లలది. గరిటెలతో, చెంచాలతో గింజలు, పీచు గీరి తీయాలి. మన రకంలో కండ చాలా మందం కనుక ముఖం వచ్చే వైపు లోపల్నుంచి బాగా గీరి, వేలెడు మందానికి తేవాలి. గీరిన కండ ఎటూ పోదు, గిన్నెలో పడుతుంది.

ముఖం చెక్కడానికి చాకు కాకుండా ఇంకో దారి ఉంది, మన వాకిళ్లకు దగ్గరి దారి. అది మేకు, చిన్న సుత్తె. తొక్క మీద పెన్నుతో చుక్కలు పెట్టి, పెద్దవాళ్లు కాయ కదలకుండా పట్టుకుంటే, ఎనిమిదేళ్ల పిల్ల ఒక్కో చుక్క మీద మేకు పెట్టి కొట్టగలదు. మేకు లోపలి గుల్ల దాకా దిగి, తిప్పితే వచ్చేస్తుంది. చుక్కల లెక్క పిల్లలకు చెప్పక్కర్లేదు, సంక్రాంతి ముగ్గు వాళ్లకు వచ్చు. ఏడు చుక్కలు, నడుమ చుక్క, ఒకటి వచ్చే వరకు. లోపల దీపం పెట్టి, ఇంట్లో లైట్లు తీసేస్తే చుక్కల ముగ్గు నేల మీంచి లేచి గోడల మీదికి వస్తుంది. దీపమంటే కొవ్వొత్తే కానక్కర్లేదు. వినాయక చవితికి మండపంలో కట్టిన చిన్న బ్యాటరీ బల్బులు ఉంటే అవి మేలు, మూత పెట్టినా ఆరవు, చెయ్యి కాలదు.

పేరు చెక్కాలని పిల్లలకు తప్పకుండా బుద్ధి పుడుతుంది. అక్కడ తెలుగు లిపి ఒక చిక్కు పెడుతుంది. "గ" చెక్కడం తేలిక. సున్నా చెక్కితే మాత్రం నడిమి ముక్క ఊడి లోపల పడుతుంది, సున్నా కాస్తా గుండ్రటి కంత అవుతుంది. "ర" అయినా, "ఠ" అయినా అంతే. మూసుకున్న వలయం ఉన్న ప్రతి అక్షరానికీ ఎక్కడో ఒకచోట చిన్న వంతెన వదలాలి, తొక్క పట్టి ఉండేలా. లారీల మీద, గోనె సంచుల మీద రేకు అచ్చు పెట్టి రంగు కొట్టిన అక్షరాల్లో గీత మధ్యలో తెగినట్టు ఉండేది ఇందుకే. పసుపు బస్తాల మీద అక్షరాలు రోజూ చూసే పిల్లలకు ఆ తెగిన గీత ఎందుకో కాయ చెక్కిన రోజున తెలుస్తుంది.

వీటన్నిటికన్నా తేలికైనది, కాయ ఏమాత్రం పాడుకానిది ఇంకొకటి ఉంది. తీగ మీద ఉన్న కాయ కొబ్బరికాయంత అయినప్పుడు తొక్క ఇంకా లేతగా, గోరు దిగేలా ఉంటుంది. అప్పుడు తుమ్మ ముల్లుతో పైపైన పేరు గీయాలి. లోతుగా గీస్తే కుళ్లుతుంది, తొక్క మీద గీత పడితే చాలు. గీసిన చోట జిగురు ఊరి, ఆరిపోతుంది. రెండు మూడు రోజుల్లో గీత మానడం మొదలై బెరడులా గట్టిపడుతుంది. కాయ పెరుగుతుంటే పేరూ పెరుగుతుంది. అగ్గిపెట్టె పొడవున గీసిన పేరు కాయ ముదిరేసరికి బాగా సాగుతుంది, వేలితో తడిమి చదవచ్చు. పెద్దవాళ్లు పొలం పోతూ ఆ కాయను చూసి, "ఇది మా చిన్నోని కాయ, ముట్టకుర్రి" అంటారు. దొంగ భుజాలు తడుముకోక ముందే కాయ మీద హక్కుదారు పేరు ఉందన్నమాట.

కాయను తొలవడమనే విద్య తెలంగాణకు ఇంకో దారిలోనూ తెలుసు. ముదిరి ఎండిన సొరకాయకు మూతి కోసి, లోపల శుభ్రం చేస్తే బుర్ర అవుతుంది. అది పొలంలో నీళ్ల కుండ, ఈత నేర్చుకునేవాళ్లకు నడుముకు కట్టే తేలుడు బెండు. అదే బుర్ర వెదురు దండెకు బిగిస్తే కిన్నెర. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. నాగర్‌కర్నూల్ జిల్లావాడు. ఆయన కథ చెబుతుంటే దండె కింది బుర్రలు గొంతు కలుపుతాయి. లోపలి గుజ్జు పోయి డొల్ల మిగిలితేనే ఆ కాయకు నాదం.

ఇక నానమ్మ బెంగ, కాయ వృథా అవుతుందని. ప్రపంచంలో చాలా చోట్ల ఆ బెంగకు కారణం ఉంది. నవంబరు మొదటి వారంలో అమెరికాలో, బ్రిటన్‌లో వాడిపోయిన ముఖాల గుమ్మడికాయలు కుప్పలు కుప్పలుగా చెత్తలోకి పోతాయి. కుళ్లనివ్వకండి, ఎరువు చేయండి, కండ వండుకోండి అని పర్యావరణ సంస్థలు మొత్తుకుంటాయి. మన ఇంట్లో ఆ బోధ అక్కర్లేదు. గీరిన కండ బెల్లం, చింతపండు వేసి తీపి పులుసు. గింజలు కడిగి, ఆరబెట్టి, ఉప్పు చల్లి వేయిస్తే పిల్లల జేబుల్లోకి. పీచు, తొక్క బర్రె ముందుకు. చెక్కిన కాయను కూడా ఎండకు పెట్టకుండా రాత్రి వెలిగించి పొద్దున్నే ముక్కలు చేస్తే పశువులకు పనికొస్తుంది. మన అక్టోబరు వేడిలో దాన్ని రెండు రోజులకు మించి ఉంచకూడదు, మూడో రోజుకు బూజు, ఈగలు. కొవ్వొత్తి మైనం కారిన ముక్కలు మాత్రం పశువులకు వేయకూడదు. బ్యాటరీ బల్బు మంచిదనడానికి ఇది ఇంకో కారణం.

అమెరికాలోని తెలుగు ఇళ్లలో ఈ రెండు గుమ్మడులూ ఇప్పుడు ఒకే గరాజులో కలుస్తున్నాయి. 2025లో సద్దుల బతుకమ్మ సెప్టెంబరు 30న వచ్చింది, నెల తిరిగేసరికి అక్టోబరు 31. సెప్టెంబరులో తాంబాలం మీద పూలు పేర్చిన పిల్లే నెల తర్వాత అక్కడే బల్ల మీద కాయ చెక్కుతోంది. ఒక పండుగకు పువ్వు, ఇంకో పండుగకు కాయ. వాళ్లకు ఇందులో ఇరుకు ఏమీ కనిపించడం లేదు. కనిపించాల్సిందీ లేదు.

దొంకేశ్వర్‌లో దయ్యాల పండుగ చేయమని ఎవరూ అడగడం లేదు. ఆ తారీఖూ అక్కర్లేదు, ఆ భయమూ అక్కర్లేదు. కావాల్సింది కాయ, అది పెరట్లోనే ఉంది. దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం, బడిలోనో అరుగు మీదో, పది మంది పిల్లలకు మూడు కాయలు, నాలుగు చెంచాలు, రెండు మేకులు, ఒక సుత్తె ఇచ్చి చూడవచ్చు. సారో, టీచరమ్మో, ఇంట్లో తాతో పక్కన కూర్చుంటే సరిపోతుంది. ఒకటో తరగతి పిల్లలు గింజలు తీస్తారు, నాలుగో తరగతివాళ్లు చుక్కలు పెడతారు, ఏడో తరగతివాళ్లు మేకు కొడతారు, మూత పెద్దలు కోస్తారు. చీకటి పడ్డాక లైట్లు తీసేయడానికి మాత్రం పోటీ తప్పదు, ఆ పనికి చీటీలు వేయాల్సిందే.

గింజలన్నీ వేయించవద్దు. బాగా నిండుగా ఉన్నవి ఓ ఇరవై ఏరి, నీడలో ఆరబెట్టి, కాగితం పొట్లంలో కట్టి, మీద పిల్లల పేరు రాసి, పసుపు విత్తనం దాచే చోటే దాచండి. జూన్‌లో తొలకరి పడ్డ మర్నాడు పెంటకుప్ప పక్కన గుచ్చితే, నెలన్నరకు మగ పూలు మొదలవుతాయి, ఆ తర్వాత తీగ పూస్తూనే ఉంటుంది. బతుకమ్మ నాటికి పువ్వు ఉంటుంది, దసరా సెలవులకు ముదిరిన కాయా ఉంటుంది.